వార్తాచిత్రములను చూచుట యెట్లు?

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి, గట్లకు గండ్లు పడి, విజయవాడలోని సింగునగరు మున్నగు పేటలు మునిగిన సంగతి మన పాఠకులకు క్రొత్తగా జెప్పనక్కఱలేదు. ఆ దినములలోనే ప్రకాశము బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చెను. పాఠశాల తిరిగి తెఱచిన పిమ్మట మేము పత్రికలలోని వరదచిత్రములను గత్తిరించి పఠనమందిరపు బల్లపై నంటించితిమి. అవి చూచి బాలురు సహాయనిధికి దోచినంత యిత్తురని మా తలంపు. వానిలో నొకటి, ఱొమ్ములోతు నీటిలో నిలిచి ఆహారపు పొట్లముకొఱకు చేయి చాచిన యొక స్త్రీ చిత్రము. తొమ్మిదవ తరగతి బాలుడొకడు దానిని జూచి తల వంచుకొని వెడలిపోయెను. ఆమె వాని తల్లి యని మాకు సాయంకాలమునకు గాని తెలియలేదు.

ఆ చిత్రము అబద్ధము కాదు. వరద నిజము, చాచిన చేయియు నిజమే. అట్లయిన బాలుడు సిగ్గుపడవలసిన దేమున్నది? తప్పెచ్చట జరిగినది? ఈ ప్రశ్న మమ్ము చాలదినములు విడువలేదు.

మనము వీథిలో నిలిచి చూచునపుడు తల త్రిప్పి యిరుప్రక్కలు చూడగలము. చిత్రము నాలుగంచులకు వెలుపల నేమున్నదో చూడలేము. మఱియు వరదలో చిత్రకారుడు సాధారణముగా సహాయపు పడవలోనో ట్రాక్టరుమీదనో పోవును. కావున అతని చిత్రములలో ఇచ్చువాని కన్నే మన కన్నగును. పుచ్చుకొనువారు క్రిందనుండి పైకి చూచుచుందురు. వారు నిన్న నెవరికి బెట్టిరో, నేడెవరిని మోసికొని వచ్చిరో అందు గానరాదు.

ఇది నేటి మాట కాదు. 1876–78 సంవత్సరముల కఱవులో విలోబీ వాలెస్ హూపర్ అను సైనికోద్యోగి, మన జిల్లా యప్పుడు చేరియున్న మదరాసు రాజధానిలో, ఎముకలగూళ్లైన జనులను గుంపులుగా జేర్చి చిత్రములు తీసెను. కఱవెంత ఘోరమో అవి నేటికిని సాక్ష్యమిచ్చుచున్నవి. కాని తీసినవాని పేరు మనకు మిగిలెను. అందున్నవారి పేర్లు మిగులలేదు. ఆయనయే 1886లో బర్మాలో ఖైదీలను కాల్చి చంపు సమయమున చిత్రములు తీసినందుకు విచారణ కెక్కవలసి వచ్చెను.

చూచువారును పొరబడుదురు. 1993 మార్చిలో కెవిన్ కార్టర్ సూడాను దేశమున దీసిన చిత్రము న్యూయార్కు టైమ్సు పత్రికలో వచ్చెను. నేలకు వ్రాలిన శిశువు, వెనుక నొక రాబందు. ఆ శిశువు చనిపోయె నని లోకమనుకొనెను. బాలిక యనియు ననుకొనెను. చిత్రము తీసిన చోటు ఆహారకేంద్రమునకు సమీపమే. ఆ శిశువు బాలుడనియు, ఆ కఱవును దాటి బ్రదికెననియు 2011లో గాని వెల్లడి కాలేదు. చిత్రము చెప్పనిదానిని మనమే చెప్పించితిమి.

అట్లని యిట్టి చిత్రములే వలదందుమా? అనము. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచినపుడు సుమారు 10,000 మంది మరణించిరి. నాగాయలంక, కోడూరు ప్రాంతముల దుర్గతి కన్నులకు గట్టకున్న దూరపువారి చేతులు కదలుట కష్టము. దుఃఖసమయమున కెమెరాతో జొరబడరాదనియు, ప్రకృతివైపరీత్యముల చిత్రములు ప్రజాహితము కొఱకు కావచ్చుననియు భారత పత్రికామండలి నియమములు రెంటిని జెప్పుచున్నవి. ఈ రెంటి నడుమ దారి వెదకికొనుటయే వివేకము. మంచి సమరయుని కథలో దెబ్బలు తిన్నవానిని ముగ్గురును జూచిరి. చూచుటలో భేదము లేదు, చూచిన పిమ్మటనే భేదము.

విద్యార్థులారా, పూర్వము చిత్రమును ప్రకటించువాడు సంపాదకు డొక్కడే. నేడు సెల్‌ఫోను గల ప్రతివాడును సంపాదకుడే. ఎప్పటిదో యొక వరదచిత్రము నేటిదిగా తిరుగుచున్నది. యంత్రములు కల్పించిన చిత్రములును వానితో గలిసినవి. కావున మీ రొక చిత్రమును మఱియొకరికి బంపకముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది ఎప్పటిది, ఎచ్చటిది? అంచులకు వెలుపల నేమి యుండవచ్చును? అందున్నది నా తల్లియే యైన బంపుదునా? తల్లిదండ్రులును తమ బిడ్డలతో గూర్చుండి యీ ప్రశ్నలు వేయుదురుగాక.

మూడవ ప్రశ్న మేము వేసికొనలేదు. అదియే మా తప్పు. మఱునాడు ఆ బాలుని బిలిచి, చిత్రమును దీసివేయుదుమంటిమి. వాడు కొంతసేపూరకుండి యిట్లనెను: "తియ్యొద్దు మాస్టారూ. ఆ పొట్లం మాకు కాదండీ. పై వాటాలో మంచంమీద ఉన్న తాతగారికి. ఆయన దిగలేరని అమ్మ దిగింది."

చిత్రము క్రింద పత్రికవారు వేసినది "వరద బాధితులు" అను రెండు మాటలు. మేము వానిపై నొక కాగితపు ముక్క యంటించి, బాలుని మాటను వాని చేతనే వ్రాయించితిమి. అది చదివిన పిమ్మట మాకు ఆ చేయి వేఱుగా గనబడెను.