వాన కురిసింది, కరువు తీరిందా?

"వరుణుడు కరుణించాడు."

మన పత్రికలు యీ వాక్యాన్ని ముందే అచ్చుకు కూర్చి సిద్ధంగా వుంచుకుంటాయి. రెండేళ్ళు వానలు మొహం చాటేసి, ఆ తరువాత ఒక వారం కుండపోతగా కురిస్తే చాలు. మొదటి పేజీలో ప్రాజెక్టు గేట్ల బొమ్మ, పైన "జలకళ" అన్న శీర్షిక, కింద యీ వాక్యం. మరునాడు నాయకులు జలాశయానికి పసుపూ కుంకుమా సమర్పించి హారతి పడతారు. ఆ పై ఆదివారం కవులు మట్టివాసన మీద గేయాలు రాస్తారు. దానితో కరువు అధ్యాయం ముగిసినట్లే.

యీ వాక్యంతో నాకు పేచీ వుంది. అందులో కర్త వరుణుడు ఒక్కడే. కరుణించినవాడు అతడే అయితే కరుణించనివాడు కూడా అతడే కావాలి గదా! చెరువు పూడ్చినవాడూ, చెరకు నాటించినవాడూ, నీటికి ధర కట్టినవాడూ యీ వాక్యంలో యెక్కడా కనిపించరు. వ్యాకరణం దృష్ట్యా నిర్దుష్టమైన వాక్యమే. సత్యం దృష్ట్యా అది దోషులను తప్పించే వాక్యం.

2015–16 కరువును తీసుకుందాం. మంజీర మీద దాదాపు 30 టి.ఎం.సి.ల సామర్థ్యం గల సింగూరు జలాశయం యెండిపోయింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అడుగంటాయి. యెగువన అదే మంజీర నీటి మీద బతికే లాతూరు పట్టణానికి 2016 ఏప్రిల్‌లో మీరజ్ నుంచి రైలులో మంచినీళ్ళు తరలించవలసి వచ్చింది. ఆ మే నెలలోనే సుప్రీంకోర్టు కరువు కేసులో తీర్పు చెబుతూ, కరువు వున్నదని ఒప్పుకోవడానికే ప్రభుత్వాలు వెనుకాడుతున్నాయని తప్పుపట్టింది. సెప్టెంబరులో వానలు కురిశాయి. సింగూరు నిండి గేట్లు యెత్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నగరంలోని నిజాంపేట భండారి లేఅవుట్‌లో జనం పడవలెక్కి యిళ్ళు దాటారు.

యెండినదీ ఆ నేలే, మునిగినదీ ఆ నేలే. రెండింటికీ కారణం ఆకాశమే అయితే ఆకాశానికి మతి చలించిందనుకోవాలి. లేదా కారణాలను నేల మీద వెతకాలి.

వెతుకుదాం. వానకు నోచుకోని మరాఠ్వాడాలో చెరకు తోటలూ పంచదార ఫ్యాక్టరీలూ పెరిగాయి. అన్నిటికన్నా యెక్కువ నీరు తాగే పైరు అన్నిటికన్నా తక్కువ నీరున్న చోట యెందుకు పెరిగింది? దాని వెనుక పెట్టుబడీ అధికారమూ వున్నాయి గనుక. దిగువన సింగూరు నీరు ప్రధానంగా హైదరాబాదు కుళాయిలకు కేటాయించబడింది. తమ నేలలు మునిగిన మెదక్ రైతులు, కళ్ళ యెదుట నిండిన నీరు గొట్టాల్లో నగరానికి పోతుంటే కాలువల కోసం యేళ్ళ తరబడి యెదురుచూశారు. ఘనపురం ఆనకట్ట కింద రైతు పొలానికి నీళ్ళు కావాలంటే సింగూరు నుంచి వదలమని ప్రతి సంవత్సరమూ అర్థించవలసిందే. నగరంలో కరువు తీరిందన్న రోజున ఆ రైతు కరువు తీరిందా అని యే పత్రిక అడిగింది?

యిది కొత్త కథ కాదు. 1876–78 నాటి ధాత కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను వల్లకాడు చేసింది. ఆ రోజుల్లోనే రేవుల నుంచి ధాన్యం యెగుమతి అయింది. పనిచేసే కూలీకి రోజుకు ఒక పౌను గింజలు చాలునని తెల్ల దొరలు లెక్క కట్టారు. 1877లో వానలు వచ్చాయి. చావులు ఆగలేదు. తిండిలేక శుష్కించిన శరీరాల మీద మలేరియా విరుచుకుపడి వేలకు వేలను తీసుకుపోయింది. వాన వచ్చినంత మాత్రాన కరువు పోదని మన జిల్లాల చరిత్రే రక్తంతో రాసిపెట్టింది.

యిక గచ్చిబౌలికి రండి. గచ్చు అంటే సున్నపు గార. బౌలి అంటే మెట్లబావి. ఒక బావి పేరు మోస్తున్న వూరది. 2023 వానాకాలం వెనుకబట్టిన తరువాత, 2024 యెండల్లో ఆ బావి పేరుగల వూళ్ళో, దాని చుట్టుపక్కల కొండాపురం, మణికొండ, మాదాపురాల్లో, అద్దాల మేడల ముందు ట్యాంకర్లు బారులు తీరాయి. నాగార్జునసాగర్ మట్టం పడిపోగా నగరానికి అత్యవసరపు పంపులు బిగించి నీరు తోడారు. ఆగస్టులో సాగర్ గేట్లు యెత్తారు. మళ్ళీ జలకళ! ఆ నెలాఖరు వానలకు ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు జనాన్ని ముంచాయి.

గచ్చిబౌలి నేల కింద వున్నది నల్లసేను రాతి పొర. దాని పైన పెళుసుబారిన మొరం, మధ్య మధ్య నెరియలు: నీరు నిలవగల చోటు అంతే. పునాది కోసం నాలుగైదు అంతస్తుల లోతున ఆ పొరనే తవ్విపారేస్తారు. సెల్లారులోకి వూరిన నీటిని మోటార్లు పెట్టి రాత్రింబగళ్ళు మురుగుకాలువలోకి తోడతారు. పైన మిగిలిన నేలకు సిమెంటు పూస్తారు. ఆ పైన వెయ్యి అడుగుల బోరు వేసి, నీరు పడలేదని వరుణుణ్ణి నిందిస్తారు! బోర్లను అదుపు చేయడానికి 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. చట్టం పుస్తకంలో వుంది. బోరు బండి వీధిలో వుంది.

కొందరు మిత్రులు అడుగుతారు: "కృష్ణా గోదావరులు నగరానికి వచ్చాయి గదా, యింకా యీ చెరువుల గోల యెందుకు?" వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, కరెంటు ఖర్చుపెట్టి, యెత్తు మీదికి తోడితెచ్చే నీరది. అది కూడా వేరొకరి పొలానికి పోవలసిన నీరే. యింటి ముంగిట పడిన చుక్కను మురుగులోకి తోసి, పరాయి వూరి చుక్కను కొల్లగొట్టి తెచ్చుకోవడాన్ని అభివృద్ధి అనేవారు ఆ మాటకు కొత్త నిఘంటువు రాసుకోవాలి.

చిన్న లెక్క చెబుతాను. హైదరాబాదులో సాలుకు సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎకరం మీద 32 లక్షల లీటర్లు. 2025 మార్చి ఆఖరున బుల్డోజర్లు దిగిన కంచ గచ్చిబౌలి భూమి 400 ఎకరాలు. దాని మీద యేటా పడే నీరు దాదాపు 130 కోట్ల లీటర్లు. రాతి నేల గనుక పదో వంతే యింకిందనుకోండి. అయినా 13 కోట్ల లీటర్లు; 5,000 లీటర్ల ట్యాంకర్లు యిరవై ఆరు వేలు! ఆ చెట్లను నరికినప్పుడు వేలం లెక్కలో యీ నీటికి యెంత ధర వేశారు? ఏమీ లేదు. "కంచ" అంటే మేత బీడు. వూరి పశువులదీ, అందరిదీ అయిన నేల. విద్యార్థులు లాఠీలకు యెదురు నిలిచి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించేదాకా, అది ప్రభుత్వం దృష్టిలో అమ్మకపు సరుకు మాత్రమే.

చలిదేశాల వారికి మంచు వుంది. శీతకాలపు నీటిని కొండల మీద గడ్డకట్టి దాచి, వేసవిలో కొంచెం కొంచెంగా వదులుతుంది. కాలిఫోర్నియాలో మూడేళ్ళ కరువు తరువాత 2023 శీతకాలంలో విపరీతంగా వానా మంచూ కురిశాయి. భూస్వాములు యెన్నడో యెండగట్టి పొలాలు చేసుకున్న టులారే సరస్సు తన పాత పడకకు తిరిగి వచ్చి ఆ పొలాలను ముంచింది. అయినా దశాబ్దాలుగా పెద్ద కమతాలు తోడేసిన భూగర్భజలం ఒక శీతకాలంతో పూడలేదు. అక్కడి వ్యవసాయ కూలీల వాడల్లో బావులు యెండే వున్నాయి. చలిదేశమైనా వేడిదేశమైనా నీరు ముందు యెవరిని చేరుతుందో నిర్ణయించేది ఆస్తి సంబంధమే.

దక్కను పీఠభూమికి మంచు లేదు. గొలుసుకట్టు చెరువే మన మంచు. ఒకటి నిండి రెండోదానికి అలుగు పారే ఆ ఏర్పాటు నాలుగు నెలల వానను పన్నెండు నెలలకు పంచింది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంటే, ఆ తరువాత విశ్వేశ్వరయ్య సలహాతో 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ కట్టారు. వరదను ఆపేదీ దాహం తీర్చేదీ ఒకే కట్ట. నిజాం ఫ్యూడల్ ప్రభువు; అతని పాలన మీద మనకు భ్రమలు లేవు. కాని ఆ ఫ్యూడల్ రాజ్యం కట్టిన జలాశయాల పరీవాహకాన్ని 1996 నాటి 111వ నెంబరు ఉత్తర్వు కాపాడితే, 2022లో ప్రజాస్వామ్య ప్రభుత్వమే మరొక ఉత్తర్వుతో ఆ ఆంక్షలను సడలించింది. యెవరి కోసం?

2024లో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థ యేర్పడింది. చెరువును విడిపించడాన్ని యెవరూ కాదనరు. కాని చెరువును అమ్మినవాడికీ, దాని అంచున తలదాచుకున్న కూలివాడికీ ఒకే బుల్డోజరు న్యాయం కాదు. గుడిసెకు ముందు యిల్లు చూపాలి. లేఅవుటుకు అనుమతి సంతకం పెట్టిన చేతిని ముందు పట్టుకోవాలి.

ఆ కూలివాడి సంగతే అసలు సంగతి. గచ్చిబౌలి మేడలకు రాళ్ళెత్తినవారిలో పాలమూరు నుంచి వలస వచ్చినవారెందరో! కరువు తరిమితే వచ్చినవారు. వాళ్ళ వూళ్ళో వాన లేకపోవడం వల్లనే యిక్కడ కూలి చవక అయింది. తీరా యిక్కడ వాన పడితే పని ఆగుతుంది. పని ఆగితే ఆ పూట కూలి లేదు. రేకుల గుడిసెలోకి నీరు వస్తుంది. వాన లేక వూరు విడిచినవాడు వాన వల్ల పస్తుంటాడు. అతని ముందు నిలబడి "వరుణుడు కరుణించాడు" అని చదవగలిగిన కవి యెవరైనా వుంటే ముందుకు రావాలి.

భావకవులను మాత్రమే అని లాభం లేదు. మనమూ తక్కువ తినలేదు. కరువును దోపిడికి ప్రతీకగానూ, వానను విప్లవానికి ప్రతీకగానూ వాడివాడి అరగదీశాము. ఆ ప్రతీకలో ఒక మోసం వుంది. వాన దానంతట అదే పైనుంచి వస్తుంది. దానికి సంఘం కట్టనక్కరలేదు. యెదురుచూస్తే చాలు. అలా యెదురుచూడడం రైతుకు తప్పని దుర్గతి. రచయితకు అది సోమరితనం.

కనుక మనం వాన మీద రాయడం మానవద్దు. రాసేటప్పుడు ఆ చుక్క యే నేల మీద పడింది, ఆ నేల యెవరి పేరిట వుంది, అది యే గొట్టంలో పోయి యెవరి తొట్టి నింపింది అని అడిగి రాద్దాం. ఉపాధ్యాయ మిత్రులు తమ విద్యార్థులను వెంటబెట్టుకుని తమ వూరి చెరువు పాత పటం తీసి, కట్ట మీద నడిచి, తూములూ అలుగులూ యేమయినాయో లెక్క తీయించాలి. ఆ లెక్కలు యీ పుటల్లోకి రావాలి. ఆకాశం తన పని యెప్పుడో ఒకప్పుడు చేస్తూనే వుంది. చేయనిది మనం.