ఓడిపోయే అవకాశమైనా ఇవ్వండి

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా హాల్లో ఒక బాక్సింగ్ పోటీ జరిగింది. రింగు లేదు, గ్లవ్స్ లేవు. ఒక మూల మేరీ కోమ్, ఇంకో మూల మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. ఆడించింది మావారూ, మా మరిదీ, మా అబ్బాయీ. "2008 నాటి మేరీ, 2022 నాటి నిఖత్ ఎదురుపడితే ఎవరు గెలుస్తారు?" అన్నది ప్రశ్న. మావారు మేరీ పక్షం, అబ్బాయి నిఖత్ పక్షం. మా మరిది ఎవరి వాదన వీగిపోతుంటే వాళ్ళ పక్షం.

నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ వింటున్నాను. అరగంటైనా తేలకపోయేసరికి మా మరిది, "వదినా, మీరు చెప్పండి, ఎవరు గెలుస్తారు?" అని పిలిచాడు.

"ఏ తూకంలో?" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. ఈవిడకి ఇవన్నీ ఎలా తెలుసన్నట్టు. మేరీ కోమ్ గురించి మేము చదవకపోతే ఇంకెవరు చదువుతారండీ? 2007లో కవలల్ని కని, ఆ మరుసటి ఏడాదే చైనాలోని నింగ్బోలో ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి ఆవిడ. బాలింతరాలు బరువెత్తకూడదు, గట్టిగా నడవకూడదు అని నన్ను మంచం మీద కూర్చోబెట్టిన రోజులు నాకు గుర్తే కదా.

ఇంతకీ తూకం సంగతి. మేరీ నింగ్బోలో గెలిచింది 46 కిలోల విభాగంలో. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో గెలిచింది 52 కిలోల్లో. అంటే మావాళ్ళు ఆడిస్తున్న పోటీ అసలు జరగడానికే వీల్లేదు. సరే, తూకం వదిలేద్దాం. ఎవరి కాలపు నిబంధనలు పెడదాం? 2008లో జడ్జీలు తగిలిన దెబ్బ తగిలినట్టు మీట నొక్కి పాయింట్లు లెక్కపెట్టేవాళ్ళు. ఇప్పుడు రౌండు మొత్తం చూసి, ఎవరు మెరుగ్గా ఆడితే వాళ్ళకి పది వేస్తారు. అప్పుడు ఆడవాళ్ళ రౌండు రెండు నిమిషాలు, ఇప్పుడు మూడు. మేరీ ఆడడం మొదలుపెట్టినప్పుడు ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బాక్సింగే లేదు. 2012లో లండన్‌లో పెట్టినప్పుడు కూడా అన్నిటికన్నా చిన్న విభాగం 51 కిలోలు. 46, 48 కిలోల్లో ఆడిన మనిషి తనకన్నా బరువైన వాళ్ళతో తలపడి కాంస్యం తెచ్చింది. నిఖత్ వచ్చేసరికి ఆ తలుపు తీసి ఉంది. కానీ నిఖత్ తలుపు దగ్గర ఇంకో రకం కాపలా ఉంది. ఆ సంగతికే వస్తున్నాను.

మావారు విసుక్కున్నారు. "సరదాకి మాట్లాడుకుంటుంటే లెక్కల మాస్టారులా తూకాలేమిటి? సచిన్ గొప్పా, కోహ్లీ గొప్పా అని మాట్లాడుకోవడం లేదూ?"

నిజమే, సరదాకైతే నాకేం అభ్యంతరం లేదు. ఊహల్లో ఎవర్ని ఎవరితోనైనా కొట్టించుకోండి. నా తగువల్లా ఊహల్లో తేల్చిన తీర్పుని నిజం పోటీ స్థానంలో కూర్చోబెట్టినప్పుడే. ఆ పని ఈ ఇద్దరి విషయంలోనే జరగబోయింది. మా హాల్లో ముగ్గురికీ అది గుర్తు లేదు.

2019లో మేరీ 51 కిలోల్లో ప్రపంచ పోటీల కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ అర్హత పోటీలకి ఆవిడనే నేరుగా పంపేద్దామన్నారు, ట్రయల్ అక్కర్లేదన్నారు. ఎందుకక్కర్లేదు? పెట్టినా మేరీయే గెలుస్తుంది కదా అన్న ఊహ. అప్పటికి నిఖత్‌కి ఇరవై మూడేళ్ళు. కేంద్ర క్రీడామంత్రికి ఉత్తరం రాసింది, న్యాయంగా ట్రయల్ పెట్టండి అని. ఎంతమంది ఎన్ని మాటలన్నారు! ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్‌ని సవాలు చేసేంతటిదా ఈ పిల్ల అన్నారు. చివరికి ఆ డిసెంబరులో ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ 9-1 తేడాతో గెలిచింది.

"చూశావా, అనుకున్నట్టే అయింది కదా, మరి ఆ గొడవంతా దేనికి?" అన్నారు మావారు.

నా వాదనంతా ఇక్కడే ఉంది. అనుకున్నట్టే అయినా సరే, అనుకోవడం వేరు, ఆడడం వేరు. ఆ రోజు నిఖత్ ఓడిపోయింది, కానీ రింగులో ఓడిపోయింది. ఎక్కడ తక్కువైందో తన ఒంటితో తెలుసుకుంది. 2022లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2023లో మళ్ళీ అయింది. ట్రయల్ లేకుండా పక్కన పెట్టేసి ఉంటే ఆ పిల్ల దేన్ని దిద్దుకునేది? గెలిచిన మేరీకి కూడా ఆ ట్రయల్ వల్లే గౌరవం. పెద్దావిడని చూసి వదిలేశారు అన్న మాట పడకుండా, తన చోటు తన చేతులతో నిలబెట్టుకుంది. నిజం పోటీ ఇద్దరికీ ఎంతో కొంత ఇస్తుంది. ఊహల పోటీ ఒకళ్ళ దగ్గర లాక్కుంటుంది, రెండోవాళ్ళకీ ఏమీ ఇవ్వదు.

ఇది నేను క్రీడల పేజీలో నేర్చుకున్నది కాదు, మా అత్తవారింట్లో నేర్చుకున్నాను.

మా పెళ్ళైన మూడో ఏడు. చంకలో పిల్లాడు. బీఏ తెలుగు చదివాను కదా, తెలుగు పండిట్ ట్రైనింగ్‌కి ప్రవేశ పరీక్ష రాస్తానన్నాను. అప్లికేషన్ తెప్పించుకున్నాను కూడా. ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడారు. కోప్పడలేదు, అరవలేదు. "పెద్దకోడలైతే ఇల్లూ ఉద్యోగమూ రెండూ నెగ్గుకొచ్చేది. ఈ అమ్మాయి సుకుమారం, దీనివల్ల కాదు" అన్నారు. అంతే, తీర్పు అయిపోయింది. అప్లికేషన్ బీరువాలో చీరల కింద ఉండిపోయింది. నేను మా తోడికోడలి మీద ఓడిపోయాను, ఆవిడతో ఏ పోటీలోనూ దిగకుండానే. చాలా ఏళ్ళు ఆవిడ మీద లోపల కినుకగా ఉండేది. ఆవిడ చేసిన చారు బాగుందన్నా నాకు గుచ్చుకునేది.

నాలుగేళ్ళ క్రితం మా అత్తగారి సంవత్సరీకాలప్పుడు ఇద్దరం పెరట్లో కూర్చుని కూరలు తరుగుతున్నాం. మాటల్లో ఆ సంగతి బయటికొచ్చింది. ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "నేను కుట్టు సెంటరు పెడతానంటే నన్నేమన్నారో తెలుసా? చిన్నకోడలైతే డిగ్రీ చదివింది, లెక్కాడొక్కా చూసుకోగలదు, ఇంటర్‌తో ఆపేసిన నీకెందుకివన్నీ అన్నారు."

అంటే నన్ను ఆపడానికి ఆవిడ గెలిచింది, ఆవిడని ఆపడానికి నేను గెలిచాను. ఇద్దరం గెలిచాం, ఇద్దరికీ ఏమీ దక్కలేదు. ఆ పోటీ పెట్టినవాళ్ళకి మాత్రం ఖర్చు లేకుండా పని జరిగిపోయింది.

ఇంత జరిగాక కూడా "ఆ కాలంలో ఆమె అయితే", "నీ చోట ఈమె ఉంటే" అన్న మాటలు సరదాగా వినమంటే నావల్ల కాదు. "నేను కట్టెల పొయ్యి మీద పదిమందికి వండాను, నీకు గ్యాసుండి కూడా నీరసమేనా?" అని అత్త అడుగుతుంది. "మీకు ఉద్యోగం లేదుగా" అని కోడలు లోపల అనుకుంటుంది. తూకాలు వేరు, నిబంధనలు వేరు, రౌండ్లు వేరు. అయినా ఇద్దర్నీ ఒక రింగులోకి తోసి చూస్తూ కూర్చుంటారు. ఢిల్లీలో ఆ బౌట్ అయ్యాక మేరీ, నిఖత్ చేతులు కలపలేదని లోకమంతా ఎన్నాళ్ళు చెప్పుకుందో! అదే ఇద్దరు మగవాళ్ళయితే పౌరుషం అనేవాళ్ళు. మనమైతే కుళాయి దగ్గర తగువైపోతుంది.

మా హాల్లో పోటీ ఆ రోజు తేలలేదు. కానీ సాయంత్రం మా అమ్మాయి వచ్చి, ఈ ఏడు కాలేజీలో డిబేట్ టీముకి పేరిస్తానంది. మావారు అలవాటుగా, "మీ అన్నయ్యయితే..." అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆగిపోయారు.

"పేరిచ్చి రా" అన్నాను. "మొదటి రౌండులోనే ఇంటికొచ్చేసినా ఫరవాలేదు."

మీ ఇంట్లో కూడా చీరల కింద ఒక అప్లికేషన్ ఉండే ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టించిన మాటలో ఎవరి పేరుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ పేరున్న మనిషికి ఫోన్ చేసి, తనకి ఎవరి పేరు చెప్పారో అడగండి.