దెబ్బ తిన్నవాళ్ళకి మనసుండదా?

మన సినిమా రివ్యూల్లో ఈమధ్య బాగా చెలామణీ అవుతున్న మాట "గ్రే షేడ్స్". హీరో ఎవర్నైనా చావబాదితే గ్రే. అడక్కుండా అమ్మాయికి ముద్దు పెట్టేస్తే గ్రే. స్మగ్లింగ్ చేస్తే ఇక చెప్పేదేముంది. ఆ మాట ఒకటి పడేస్తే చాలు, సినిమా మనిషి మనసు లోతుల్లోకి దిగిపోయినట్టూ, దాన్ని ప్రశ్నించేవాడు నీతిచంద్రిక పట్టుకుని తిరిగే మాస్టారైనట్టూ తేలిపోతుంది. ఈ తేల్చేయడం మీదే నా పేచీ.

ముందే ఒకటి చెప్పేస్తాను. చెడ్డవాడికి చివర్లో శిక్ష పడాలని నేను అడగట్లేదు. 'దృశ్యం' సంగతే చూడండి. జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో తీశాడు, మరుసటి ఏడు వెంకటేష్‌తో మనకీ వచ్చింది. 2019లో చైనాలో 'షీప్ వితౌట్ ఎ షెపర్డ్' పేరుతో తీసినప్పుడు చివర్లో తండ్రి వెళ్ళి లొంగిపోతాడు. దానివల్ల ఆ కథకి కొత్తగా ఏం నైతికత వచ్చింది? రెండు గంటలపాటు శవాన్ని దాచమని ప్రేక్షకుడి చేత మొక్కించి, ఆఖరి పది నిమిషాల్లో ఒక స్టాంపు గుద్దితే అయిపోతుందా? నీతి ముగింపులో ఉండదు. మనల్ని ఎవరి పక్కన కూర్చోబెట్టారు, ఎంతసేపు కూర్చోబెట్టారు అన్నదాంట్లో ఉంటుంది.

ఈ కిటుకు హిచ్‌కాక్‌కి అందరికంటే బాగా తెలుసు. 'సైకో' (1960)లో హత్య అయ్యాక నార్మన్ బేట్స్ బాత్రూమ్ అంతా కడిగి, శవాన్ని కారులో పెట్టి, కారుని బురదగుంటలోకి తోస్తాడు. సగం మునిగాక కారు ఆగిపోతుంది. నార్మన్ బెదిరిపోయి అటూ ఇటూ చూస్తాడు. హాల్లో మనమూ ఊపిరి బిగబడతాం. మునిగిపో, మునిగిపో! లోపలున్నది ఎవరు? ఇందాకటిదాకా మనం ఎవరి కోసం కంగారుపడ్డామో ఆ మారియన్. నలభై వేల డాలర్లు దొంగిలించినా దొరక్కూడదని మనం కోరుకున్న మనిషి. ఆమె చచ్చిపోయి కాసేపు కూడా కాలేదు, మనం పార్టీ మార్చేశాం. సినిమా చివర్లో ఒక సైకియాట్రిస్టు వచ్చి నార్మన్ మనసెలా పనిచేస్తుందో విడమర్చి చెబుతాడు కానీ, నాకు ఆ ఉపన్యాసం కంటే బురదగుంట దగ్గర ఆ కొన్ని క్షణాలే అసలైన మనస్తత్వశాస్త్రం. అక్కడ పరీక్ష నార్మన్‌కి కాదు.

'దృశ్యం'లో ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది. కేబుల్ టీవీ నడుపుకునే రాంబాబు, కుటుంబాన్ని తీసుకుని అసలు రోజు కాకుండా మర్నాడు ఊరెళ్ళి, తర్వాత బస్ కండక్టర్ దగ్గరా సినిమా హాలు ఆపరేటర్ దగ్గరా మాటల్లో మాటగా తేదీ మార్చి నాటుతాడు. పోలీసులు అడిగితే వాళ్ళెవరూ అబద్ధం చెప్పరు. నిజంగానే అలా గుర్తుంది మరి. ఇది కట్టుకథ కాదు. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, ప్రశ్నలో "తగిలినప్పుడు" బదులు "గుద్దేసినప్పుడు" లాంటి మాట వాడితే చాలు, చూసినవాళ్ళు వేగం ఎక్కువ చేసి చెబుతారని తేల్చారు. వారం తర్వాత కొంతమందికి అక్కడ లేని గాజుపెంకులు కూడా గుర్తొచ్చాయి. ఆ కండక్టర్‌కి జరిగిందే సీట్లో ఉన్న మనకీ జరుగుతోంది. కానిస్టేబుల్ చిన్నపిల్లని కూడా కొట్టేసరికి ఇక మన అంతరాత్మకి పూర్తి సెలవు. ఇటు ఇంత క్రూరుణ్ణి నిలబెట్టాక అటువైపు తప్పు ఎవరికి కనిపిస్తుంది?

అయినా ఆ సినిమాని నేను క్షమిస్తాను. ఎందుకంటే చివర్లో నదియా ఉంది. ఐజీగా లాఠీ పట్టిన మనిషి, ఒట్టి తల్లిగా వచ్చి నా కొడుకు ఏమయ్యాడో చెప్పమని ఎదురుగా నిలబడుతుంది. ఆ ఒక్క సీనులో మనం ఇందాకటినుంచీ ఏ పని కోసం చప్పట్లు కొడుతున్నామో మనకే చూపిస్తారు. చప్పట్లు ఆగవనుకోండి, అది వేరే సంగతి.

'అర్జున్ రెడ్డి' (2017) దగ్గరే నాకు క్షమ కరువవుతుంది. బాగా తీయలేదని కాదు. విజయ్ దేవరకొండ ఆ తిక్కనీ ఆ దుఃఖాన్నీ ఎక్కడా తేలిపోకుండా మోశాడు, కాదనను. గ్లాసు పగలగొట్టిన పనామెని అర్జున్ కొట్టడానికి తరిమే సీను ఉంది కదా. నేను చూసిన హాల్లో జనం పడీ పడీ నవ్వారు. నవ్వించడానికే తీశారు కాబట్టి నవ్వారు, వాళ్ళననేం లాభం. ఆ పరుగు తర్వాత ఆవిడ ఇంటికెళ్ళి ఏమనుకుంది, మర్నాడు పనికి రావాలా వద్దా అని ఎలా తేల్చుకుంది, ఇవేవీ సినిమాకి అక్కర్లేదు. అర్జున్ బాధని మనకి విప్పి చెప్పడానికి నానమ్మ ఉంది, శివ ఉన్నాడు, నేపథ్య సంగీతం ఉంది. ఆవిడకి ఒక్కరూ లేరు. ప్రీతికే చాలాసేపు మనసులో మాట ఇవ్వని సినిమా పనామెకి ఇస్తుందా అంటారేమో. సరిగ్గా నేనూ అదే అంటున్నాను.

మా ఆఫీసులో సిస్టమ్ కుప్పకూలినప్పుడల్లా ఒక తంతు జరుగుతుంది. ఎవరి మాడ్యూల్‌కి లాగ్స్ బాగా ఉంటాయో వాళ్ళు ప్రతి నిమిషానికీ కారణం చూపించేస్తారు. లాగ్స్ లేని మాడ్యూల్ మీదికి తప్పు దానంతటదే జారిపోతుంది. మన గ్రే సినిమాలన్నీ హీరో ఒక్కడికే లాగింగ్ పెట్టిన సిస్టమ్‌లు.

పనామెకి కూడా మనసు ఇస్తే సినిమా ఎలా ఉంటుందో తెలియాలంటే అస్గర్ ఫర్హాదీ 'ఎ సెపరేషన్' (2011) చూడాలి. ఇక్కడా ఒక మధ్యతరగతి మగాడు, నాదెర్, పనిమనిషి మీద కోప్పడి ఆమెని తలుపు బయటికి తోస్తాడు. అతని కోపానికి కారణం ఉంది: అల్జైమర్స్ ఉన్న తండ్రిని ఆమె మంచానికి కట్టేసి బయటికెళ్ళింది. కానీ ఫర్హాదీ అక్కడితో ఆగడు. ఆ రజియేకి కడుపు, అప్పులపాలైన మొగుడు, పాపభీతి. తడిసిన ముసలాయన బట్టలు మార్చితే పాపమవుతుందా అని ఆమె ఫోన్ చేసి అడిగి తెలుసుకునే సీను ఒక్కటి చాలు. నైతికత అంటే పెద్ద పెద్ద తీర్పులు కాదు, తడి పైజామా ముందు నిలబడిన మనిషికి పట్టే చెమట అని తెలుస్తుంది.

ఆమెకి గర్భస్రావం అవుతుంది. ఆమె గర్భవతి అని నాదెర్‌కి ముందే తెలుసా, లేదా? కోర్టులో తెలీదంటాడు. పదకొండేళ్ళ కూతురు తెర్మే ఇంట్లో గుచ్చి గుచ్చి అడిగితే తెలుసని ఒప్పుకుంటాడు. ఆ పిల్ల జడ్జి ముందు తండ్రి కోసం అబద్ధం చెప్పి, కారులో మౌనంగా ఏడుస్తుంది. చూశారా, ఇక్కడా మనం తండ్రి పక్షానే ఉన్నాం, అతను జైలుకెళ్ళకూడదనే కోరుకున్నాం. మన కోరిక తీరింది. దానికి ధర కట్టింది ఎవరో కూడా పక్కనే కనిపించింది. రజియే కూడా కడిగిన ముత్యమేం కాదు, ఆమె దాచింది ఆమెకీ ఉంది. కానీ నష్టపరిహారం చేతికొచ్చే వేళ, ఖురాన్ మీద ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేకపోతుంది.

"మన ఆడియెన్స్‌కి అంత ఓపిక లేదు బ్రో" అనేది ఈ మాటలకి నాకు తరచూ వచ్చే జవాబు. 'కేరాఫ్ కంచరపాలెం' (2018) మన ఆడియెన్సే చూశారు. అందులో చాలామంది ఆ ఊరివాళ్ళే, కొత్త మొహాలే, ఒక్కరూ తారలు కారు. అటెండరుకీ, బొమ్మలు చేసే మనిషికీ, వైన్ షాపులో పనిచేసే కుర్రాడికీ సొంత మనసులున్నాయని నమ్మడానికి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. కాబట్టి ఆ నెపం ప్రేక్షకుల మీదికి తోయకండి. ఈసారి ఎవరైనా గ్రే అని రాసినప్పుడు నేను అడగబోయేది ఒకటే: హీరో చేతిలో దెబ్బ తిన్న మనిషి పేరేంటి? సినిమా రెండుసార్లు చూసి రివ్యూ రాశామంటారు కదా, ఆ పేరు గుర్తుందా మీకు?