చెవి గులిమి: వేలు చేరినంత వరకే

చెవిలో గులిమి కనబడితే చాలు, హెయిర్‌పిన్నో, అగ్గిపుల్లో, ఇయర్‌బడ్డో వెతుకుతాము. అది మాలిన్యమన్న భావనే ఈ తొందరకు మూలం. నిజానికి గులిమి చెవి లోపలి చర్మాన్ని తేమ నుండి, క్రిముల నుండి కాపాడే పూత. అక్కడి చర్మం నెమ్మదిగా బయటికి జరుగుతూ, నమిలేటప్పటి దవడ కదలిక తోడుగా, పాత గులిమిని తానే వెలుపలికి చేరుస్తుంది. పుల్ల పెడితే అది తిరిగి లోపలికి పోయి గట్టిపడుతుంది. పెద్దవారిలో ఆ నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లే, దాని చివరనే కర్ణభేరి.

వుజూలో తడివేళ్లతో చెవులకు మసహ్ చేస్తాము కదా, వేలు చేరినంత వరకే. ఆరోగ్యంగా ఉన్న చెవికి ఆ శుభ్రత చాలు. పండుగనాటి అత్తరు దూది సయితం చెవి మడతలో ఉండవలసినదే గాని రంధ్రంలో కాదు!

గుస్ల్ తరువాత చెవి దిబ్బడ వేస్తే, గులిమి నీటికి ఉబ్బి ఉండవచ్చు. ఒక పక్కకు పడుకొని, పై చెవిలో ఆలివ్ నూనె 2, 3 చుక్కలు వేసి, 5 నిమిషాలు కదలకుండా ఉండాలి. రోజుకు 3 సార్లు చొప్పున 3 నుండి 5 రోజులు వేస్తే అది మెత్తబడి, క్రమంగా బయటికి వస్తుంది. పెద్దవారు చెప్పే వేడి నూనె వద్దు, చర్మం కాలుతుంది.

నొప్పి, చీము ఉన్నవారు, కర్ణభేరికి రంధ్రం పడినవారు నూనె వేయరాదు. మధుమేహం ఉన్నవారికి పుల్ల గీరిన చిన్న గాయమే ఎముక వరకు పాకే ఇన్ఫెక్షన్ కావచ్చు. నీరు తగలకుండానే ఒక చెవికి హఠాత్తుగా వినికిడి పోతే, నూనెతో కాలయాపన చేయక ఆ రోజే వైద్యునికి చూపించాలి.