టీవీకి తెలియని చామనచాయ

మొన్న మా మేనకోడలి పెళ్ళి వీడియో చూడ్డానికి బంధువులంతా మా హాల్లో చేరారు. కొత్త టీవీ. పట్టుచీర అంచు ధగధగా మెరిసిపోతోంది. గుమ్మానికి కట్టిన మావిడాకులు ప్లాస్టిక్ ఆకులకంటే పచ్చగా ఉన్నాయి. ఇంతలో పెళ్ళికూతురు తెరమీదికి వచ్చింది. "పిల్ల మొహం ఇలా బూడిదరంగు తిరిగిందేవిటే?" అన్నారొక పెద్దావిడ. పక్కనే కూర్చున్న పిల్ల తల వంచుకుంది. తప్పు టీవీదేమోనని ఒక్కరికీ తోచలేదు!

మా అబ్బాయి రిమోటు అందుకుని, 'వివిడ్' అని ఉన్నదాన్ని 'సినిమా'కి మార్చాడు. మా పిల్ల చామనచాయ మా పిల్లకి వచ్చేసింది. "ఇప్పుడు తెరంతా పసుపు పూసినట్టుందేవిటి?" అన్నారా పెద్దావిడే.

ఆవిడ్ని అని లాభంలేదు. దుకాణంలో జిగేల్‌మనే దీపాల కింద, పది టీవీల మధ్య మన చూపు లాక్కోవాలి గనక, చాలా టీవీలకు తెలుపులో నీలమూ, రంగుల్లో గాఢతా దట్టించి పెడతారు. ప్రసారాలకు ప్రమాణమైన తెలుపు 6500 కెల్విన్‌లు, అంటే ఇంచుమించు పగటి వెలుగు. మన ఇంటికొచ్చేది తరచు అంతకంటే నీలం. తెల్లపంచెకి నీలిమందు పెట్టడం సబబే. ఆడపిల్ల మొహానికీ పెడితే ఎలాగమ్మా?

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 1950ల నుంచీ అమెరికాలో కొడాక్ వారు రంగులు సరిచూసుకోమని ఫొటో లాబొరేటరీలకు పంపిన 'షిర్లీ కార్డు' మీద ఉన్నది ఒక తెల్లజాతి స్త్రీ. ఆమె మొహం బాగా వస్తే అన్నీ బాగున్నట్టే! నల్లవాళ్ళ పిల్లల మొహాలు సరిగా రావడంలేదని తల్లులు మొత్తుకున్నారు. చివరికి గోధుమరంగు ఛాయలు బాగుపడ్డానికి తోడ్పడినవి చాకొలెట్ల కంపెనీలూ, చెక్కసామాన్ల కంపెనీలూ చేసిన ఫిర్యాదులట. మనిషికంటే బల్లకే విలువన్నమాట!

పోనీ, మనం తక్కువ తిన్నామా? 1982లో మన దేశానికి రంగుల టీవీ వచ్చింది. లోకంలోని రంగులన్నీ ఇంట్లోకి వచ్చాయి, మన రంగొక్కటే రాలేదు. సీరియల్లో కోడలు పొయ్యి దగ్గర నిలబడ్డా సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. కథకి నల్లపిల్ల కావలసివస్తే, ఎర్రగా ఉన్న నటికి నలుపు పులుముతారు! మధ్యలో క్రీము ప్రకటన సరేసరి. 1975లో వచ్చిన ఓ ప్రసిద్ధ క్రీము 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. మన పెళ్ళిచూపుల్లోంచి ఆ మాట ఎవరు తీస్తారు?

ఇవాళే రిమోటు తీసుకోండి. బొమ్మని 'సినిమా'కీ, తెలుపుని 'వార్మ్'కీ మార్చండి. నాలుగు రోజులు పసుపుగానే అనిపిస్తుంది, తర్వాత కన్ను అలవాటు పడుతుంది. అప్పుడు తెరమీది మీ అమ్మాయినీ, పక్కన కూర్చున్న మీ అమ్మాయినీ చూడండి. ఇంకా తేడా కనిపిస్తే, దిద్దవలసింది టీవీని. పిల్లని కాదు.