నెట్ లేకపోతే లాప్‌టాప్ ఎందుకు ఆగాలి?

"అన్నయ్యా, ఎస్‌ఎస్‌డీ పోయిందంట. మార్చాలంటే రెండున్నర వేలు అడుగుతున్నాడు." గత నెల ఊరి నుంచి తమ్ముడి ఫోన్. నా పాత లినక్స్ లాప్‌టాప్ వాడికిచ్చి అప్పటికి పది రోజులే. ఆన్ చేస్తే లాగిన్ స్క్రీన్ రావడానికి రెండున్నర నిమిషాలు పడుతోందట. నా దగ్గర ఉన్నన్నాళ్లూ అర నిమిషంలో వచ్చేది.

డబ్బులివ్వకు అని చెప్పి, ఆన్ అయ్యేటప్పుడు ఎస్కేప్ కీ నొక్కి స్క్రీన్ ఫొటో పంపమన్నా. లోగో వెనకాల ఒకే లైన్ దగ్గర ఆగి ఉంది: నెట్‌వర్క్ కాన్ఫిగర్ అయ్యేదాకా వెయిటింగ్ అని. తర్వాత టెర్మినల్‌లో 'సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్' కొట్టించా. లిస్టులో అన్నిటికన్నా పైన 'సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ-వెయిట్-ఆన్‌లైన్', 2 నిమిషాలు. అయితే పైనున్నదే దోషి అని వెంటనే అనుకోకండి. సర్వీసులు చాలావరకు పక్కపక్కనే నడుస్తాయి, కొన్ని ఎంత టైమ్ తిన్నా బూట్‌ని ఆపవు. ఏది దేనికోసం ఆగిందో చూడాలంటే అదే కమాండ్‌లో 'బ్లేమ్' బదులు 'క్రిటికల్-చైన్' అని కొట్టాలి. మా విషయంలో అక్కడా ఇదే తేలింది.

నిజానికి తప్పు నాదే. ప్రాక్టీస్ కోసమని అప్పట్లో ఉబుంటు సర్వర్ ఎడిషన్ వేసి, దాని మీదే డెస్క్‌టాప్ ఎక్కించా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ల్యాన్ కేబుల్ పెట్టి ఉంది. దాంతో నెట్‌ప్లాన్ ఫైల్లో ఆ పోర్టు చేరిపోయింది. అందులో ఉన్న పోర్టుకి కనెక్షన్ రాకపోతే సిస్టమ్ 120 సెకన్లు ఎదురుచూస్తుంది. మా పీజీ రూమ్‌లో కేబుల్ ఎప్పుడూ తగిలించే ఉండేది కాబట్టి రెండేళ్లు వాడినా నాకు తెలీలేదు. ఊళ్లో ఇంట్లో కేబులూ లేదు, వైఫై కూడా లేదు.

ఆ ఫైల్లో పోర్టు పేరు కింద 'ఆప్షనల్: ట్రూ' అని ఒక్క లైన్ కలిపితే సరిపోయింది. (యామల్ ఫైల్లో ఎన్ని స్పేస్‌లు కొట్టాలో ఫోన్లో చెప్పడం ఎంత నరకమో చేసినవాళ్లకే తెలుసు.) రీస్టార్ట్ చేస్తే 26 సెకన్లు.

మామూలు డెస్క్‌టాప్ ఎడిషన్లలో ఇదే పని 'నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్' చేస్తుంది. మీ బూట్‌ని అది ఆపుతుంటే 'సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్' కొట్టి ఆపేయొచ్చు, వైఫై మామూలుగానే కనెక్ట్ అవుతుంది. బూట్ అవ్వగానే నెట్‌వర్క్‌లోని షేర్డ్ ఫోల్డర్ మౌంట్ అవ్వాల్సినవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు.

సర్వర్‌కి ఈ వెయిటింగ్ అర్థమవుతుంది. మరి బస్సులో, పొలం దగ్గర, కరెంటు పోయిన ఇంట్లో తెరిచే లాప్‌టాప్‌కి ఎందుకు? నెట్ వచ్చినా పోయినా ప్రోగ్రామే సర్దుకోవాలి, బూట్‌ని ఆపకూడదని సిస్టమ్‌డీ డాక్యుమెంటేషనే చెబుతోంది. అయినా ఏదో ఒక ప్యాకేజీ నెట్ కావాలని పట్టుబడుతూనే ఉంటుంది. నాకు అంతకన్నా కోపం తెప్పించేది ఆ లోగో. దేనికోసం ఆగిందో చెప్పే లైన్‌ని అందం కోసం దాచేస్తున్నారు. పది సెకన్లు దాటితే ఆ లైన్ దానంతటదే బయటికి రావాలి. కనపడకపోబట్టే కదా, షాపులో కూర్చున్నాయన చూసీ చూడకుండా ఎస్‌ఎస్‌డీ మార్చాలనేశాడు.

తమ్ముడు ఇప్పుడు ఆ రెండున్నర వేలతో ర్యామ్ వేయించమంటున్నాడు.