శిఖము నేల

మా పెద్దవంగర ప్రాంతమున చెఱువునీరు తీసినపుడు బయలుపడు నేలను శిఖమందురు. వేసవిలో నొక పంట తీసికొని, వానలు రాగానే దానిని మరల చెఱువునకు విడిచిపెట్టవలయును.

హాలెండువా రట్లు విడువరు. 1852 నాటికి హార్లెము సరస్సును ఆవిరియంత్రములతో తోడి సాగుభూమి గావించిరి. నేటికిని తోడుట మానలేదు.

కొల్లేటిలో మనవారు గట్లు మాత్రమే వేసిరి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీరు ఉప్పుటేరుగుండ సముద్రము చేరవలయును గదా! చేపలచెఱువుల గట్లు అడ్డుపడగా ఆ వఱద లంకగ్రామముల వంటయిండ్లు జొచ్చుచు వచ్చెను. 1999లో అభయారణ్యమైనను, 2006లో గాని ఆ గట్లను త్రెంపలేదు. త్రెంచుట న్యాయమే యని మా యభిప్రాయము. అయితే, ఆ చెఱువులపై కూలికి బ్రదికిన స్త్రీల యింట మఱునాడు పొయ్యి యెట్లు రాజెనో యెవ్వ రడిగిరి?